మీ పిల్లల నీడ ఎంత పొడవు?



గత పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు నన్ను పక్కకు పిలిచి, "మేడమ్, మా పాపను గేమ్స్ పీరియడ్‌లో ఎండలోకి పంపకండి. నల్లబడిపోతోంది. ఆ టైమ్‌లో వర్క్‌షీట్ ఏదైనా ఇవ్వండి" అన్నారు. నేను సరేనన్నాను. నిజం చెప్పాలంటే, యూనిట్ టెస్టుల ముందు పి.ఇ.టి. సార్‌ని అడిగి ఆ పీరియడ్‌ను రివిజన్‌కు తీసుకున్న టీచర్లలో నేనూ ఉన్నాను.

కొన్నాళ్లకు నడుము నొప్పి, నీరసంతో డాక్టరు గారి దగ్గరకు వెళ్లాను. రక్తపరీక్షలో నా విటమిన్ డి 11 అని వచ్చింది. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కన్నా తక్కువుంటే లోపం కిందే లెక్క. "ఎండలో నిలబడి ఎన్నాళ్లయింది టీచర్ గారూ?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఈ విటమిన్ ఏం చేస్తుంది?

తిన్న ఆహారంలోని కాల్షియం ఒంటికి సరిగా పట్టాలంటే విటమిన్ డి ఉండాలి. అది లేకపోతే గ్లాసులకొద్దీ పాలు తాగించినా ఫలితం తక్కువే. ఎదిగే పిల్లల్లో లోపం ముదిరితే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి. దీన్నే రికెట్స్ అంటారు. పెద్దవాళ్లలో ఒళ్లు నొప్పులు, కండరాల బలహీనత వస్తాయి. ఎముకలు బలహీనపడిన నానమ్మ, తాతయ్యలు కాలు జారితే ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ.

నీరెండ చాలదు

"మా వాడు రోజూ పొద్దున్నే బస్సు కోసం ఎండలోనే నిలబడతాడు కదా" అనుకుంటాం. ఆ నీరెండ హాయిగా ఉంటుంది కానీ విటమిన్ డి పెద్దగా ఇవ్వదు. చర్మంలో అది తయారు కావడానికి అతినీలలోహిత బి కిరణాలు కావాలి. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు అవి చాలావరకు వాతావరణంలోనే ఆగిపోతాయి. తిరుపతిలో జరిగిన పరిశోధనలో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య ఈ తయారీ బాగా జరుగుతుందని తేలింది. మామూలు కిటికీ అద్దం ఈ కిరణాలను ఆపేస్తుంది కాబట్టి మూసిన కిటికీ పక్కన కూర్చున్నా లాభం లేదు. ఆ వేళలో పిల్లలు క్లాసులో ఉంటారు, మనం ఆఫీసులోనో వంటింట్లోనో ఉంటాం. వాళ్లకు మిగిలేది గేమ్స్ పీరియడే.

ఈ నెల ఇంటి యాక్టివిటీ

ఆదివారం పిల్లల్ని డాబా మీదకు తీసుకెళ్లి 8, 10, 12 గంటలకు వాళ్ల నీడను టేపుతో కొలిపించండి. నోట్‌బుక్‌లో రాయించండి. నీడ మనిషి ఎత్తు కన్నా పొట్టిగా ఉందంటే ఆ ఎండ విటమిన్ డికి పనికొస్తుందని గుర్తు. హైదరాబాద్‌లో డిసెంబరులో అది 11 గంటల ప్రాంతంలో జరుగుతుంది. మే నెలలో తొమ్మిది గంటల ప్రాంతంలోనే నీడ పొట్టిదవుతుంది. కాబట్టి వేసవిలో మిట్టమధ్యాహ్నం పంపి వడదెబ్బ తెచ్చుకోనక్కర్లేదు. ముఖం, చేతులు, కాళ్లకు ఎండ తగిలేలా పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. చర్మం కమిలేదాకా ఉండకూడదు. చామనఛాయ, నలుపు ఒంటికి ఇంకాస్త సమయం పడుతుంది.

తిండి, మందులు

ఏడాది దాటిన పిల్లలకూ పెద్దలకూ రోజుకు 600 యూనిట్లు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫార్సులు చెబుతున్నాయి. గుడ్డు పచ్చసొన, చేపల్లో ఇది కొంత దొరుకుతుంది. పాల ప్యాకెట్ మీద నీలం రంగు ప్లస్ ఎఫ్ గుర్తుంటే అందులో విటమిన్ డి కలిపారని అర్థం. అయినా లీటరులో ఉండేది 200 నుంచి 300 యూనిట్లే. అంటే ఒక్క గ్లాసు పాలతో సరిపోదు.

అలాగని పక్కింటివారు వాడుతున్నారని 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు కొనకండి. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు అవుతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. పరీక్ష చేయించి, డాక్టరు చెప్పినన్ని వారాలే వాడాలి. నేనూ అలాగే వాడాను.

ఆ అమ్మగారికి ఇప్పుడు నా జవాబు ఇది: అమ్మా, ఎండకు మారిన రంగు మళ్లీ మామూలవుతుంది. ఎముకలు గట్టిపడే వయసు మాత్రం మళ్లీ రాదు. ఇకపై రివిజన్ కోసం గేమ్స్ పీరియడ్ నేను అడగను. దయచేసి మీరూ అడగకండి.

ఇట్లు,
మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్