ముసాయిదా చూసి ఇల్లు కట్టొచ్చా?

ప్రశ్న: భీమిలి దగ్గర తీరానికి చేరువలో మాకు స్థలం ఉంది. సవరిస్తున్న మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో దాన్ని నివాస జోన్‌గా చూపారు. ఇల్లు కట్టుకోవచ్చా?

జవాబు: తొందరపడకండి. మాస్టర్ ప్లాన్ ఏ రంగు వేసినా, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం ఇచ్చిన తీర నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్‌దే పైచేయి. ఆమోదం పొందిన తీర మండల పటంలో మీ సర్వే నంబరు ఎక్కడుందో ముందు చూడండి. అది సీఆర్‌జెడ్-2 (ఇప్పటికే పట్టణంగా ఎదిగిన తీర ప్రాంతం) అయితే, ఇప్పటికే ఉన్న రోడ్డుకు నేల వైపున కట్టుకునే వీలుంది. ఆ రోడ్డు దాటి సముద్రం వైపు కొత్త రోడ్డు వేసి, దాని వెనక కడతామంటే మాత్రం చెల్లదు. కేరళలోని మరడులో స్థానిక సంస్థ అనుమతిచ్చిన అపార్ట్‌మెంట్లనే, సీఆర్‌జెడ్ నిబంధనలు ఉల్లంఘించినందుకు సుప్రీంకోర్టు ఆదేశంతో 2020 జనవరిలో కూల్చేశారు. కొన్నవాళ్ల గోడు తలచుకుంటే బాధేస్తుంది. పటం చూడకుండా బిల్డరుకు అడ్వాన్సు ఇవ్వకండి.