వాత్సల్యం – వాణిజ్యం

పాఠం ఉద్దేశం: ప్రకటనలు కలిగించే భావావేశాన్ని గుర్తించి, వివేకంతో నిర్ణయం తీసుకొనే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం.

మాఘ ఫాల్గుణ మాసాలలో గుంటూరు, ప్రకాశం జిల్లాల కల్లాలు ఎర్ర తివాచీలు పరచినట్లు కనిపిస్తాయి. పగలంతా మిరపకాయలు ఎండబెట్టిన రైతు రాత్రి టీవీ ముందు కూర్చుంటాడు. తెరపై ఒక తండ్రి కుమార్తెకు సైకిలు నేర్పుతుంటాడు. మరుక్షణంలో ఆమె పట్టభద్రురాలవుతుంది. తండ్రి కుర్చీ మాత్రం ఖాళీగా ఉంటుంది. చివర ఒక బీమా సంస్థ పేరు. రైతు కన్నులు చెమ్మగిల్లుతాయి.

ఆ కన్నీరు అసత్యం కాదు. 14వ శతాబ్దికి చెందిన విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో వత్సల రసాన్ని అంగీకరించాడు. దానికి సంతానం ఆలంబనమనీ, వారి చేష్టలు, విద్య మొదలైనవి ఉద్దీపనాలనీ చెప్పాడు. సైకిలు తొక్కే బాల్యచేష్ట, పట్టా పుచ్చుకొన్న విద్య – ప్రకటన ఈ రెండింటినే వాడుకొన్నది. అయితే కావ్యంలో రసం ఆనందంతో ముగుస్తుంది. ప్రకటనలో సంతకంతో ముగుస్తుంది.

1956 సెప్టెంబరు 1న భారతీయ జీవిత బీమా సంస్థ ఏర్పడింది. దీపాన్ని కాపాడే రెండు చేతులు దాని చిహ్నం. యోగక్షేమాలు వహిస్తాననే దాని ఆదర్శవాక్యం భగవద్గీత తొమ్మిదవ అధ్యాయం నుండి గ్రహించినది. లేనిది లభించడం యోగం. ఉన్నది నిలవడం క్షేమం. 1999 నాటి చట్టంతో ప్రైవేటు సంస్థలకు ద్వారాలు తెరుచుకొన్నాయి. పోటీతోపాటు ప్రకటనలూ పెరిగాయి.

బీమాలో పొదుపు యోగం వంటిది, రక్షణ క్షేమం వంటిది. రెండూ కలిసిన పాలసీలో ప్రీమియం ఎక్కువ, దానికి లభించే రక్షణ తక్కువ. కేవలం రక్షణనిచ్చే పాలసీ చౌక. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాలో 2022 నుండి ఏడాదికి 436 రూపాయలకు 2 లక్షల రూపాయల రక్షణ లభిస్తున్నది.

సంపాదించేవారి ప్రాణానికి ముందు బీమా ఉండాలి. తనకు బీమా లేకుండా బిడ్డ పేరిట మాత్రమే పాలసీ కొనడం, చెట్టును వదిలి పిందెకు కంచె కట్టడం వంటిది. మిరప కోతకు వెళ్లే తల్లి సంపాదన కూడా ఇంటికి ఆధారమే. ప్రకటనలలో ఆమె తరచుగా కన్నీరు తుడుచుకొనే పాత్రగానే మిగులుతుంది.

2021లో నల్ల తామరపురుగు మిరప తోటలను ధ్వంసం చేసింది. అటువంటి ఏడాది కూడా ప్రీమియం గడువు ఆగదు. గడువు దాటి చెల్లింపు నిలిస్తే పాలసీ రద్దు కావచ్చు. పంట నష్టానికి జీవిత బీమా పరిహారమివ్వదు.

విద్యార్థులారా! మీ ఇంటికి పాలసీ పత్రం వస్తే తల్లిదండ్రులకు చదివి వినిపించండి. ఎవరి ప్రాణానికి బీమా? ఎంత మొత్తం? ఎన్నేళ్లు చెల్లించాలి? తండ్రి లేకపోతే మిగిలిన ప్రీమియం ఎవరు కట్టాలి? నచ్చకపోతే, పత్రం అందిన 30 రోజులలోగా తిరిగి ఇచ్చే హక్కును 2024 నిబంధనలు కల్పించాయి. ప్రేమ బీమాకు ప్రేరణ కావచ్చు. లెక్క మాత్రం కన్నీరు ఆరిన తరువాతనే వేయాలి.

అర్థాలు
ఆలంబనం : భావానికి ఆధారమైన వ్యక్తి
ఉద్దీపనం : భావాన్ని రగిలించేది
పిందె : లేత కాయ

ప్రశ్నలు
1. కావ్యరసానికీ, ప్రకటనలోని భావావేశానికీ గల భేదమేమి?
2. ‘యోగం’, ‘క్షేమం’ పదాలను బీమాకు అన్వయించి వివరించండి.
3. మీరు చూసిన ఒక ప్రకటనలో ఆలంబన, ఉద్దీపనాలను గుర్తించి వ్రాయండి.