మౌర్య పరిపాలనను పరీక్షార్థి చదువవలసిన తీరు

గ్రూప్-1, గ్రూప్-2 పరీక్షలకును సివిల్ సర్వీసులకును సిద్ధపడు మన యువకులు మౌర్యుల ప్రకరణము విప్పినంతనే చంద్రగుప్తుడు, బిందుసారుడు, అశోకుడు అని వల్లెవేయ మొదలిడుదురు. రాజుల వరుస ఒక్క పూటలో కంఠస్థమగును. కాని పాటలీపుత్రమున పుట్టిన యాజ్ఞ దక్షిణాపథపు పల్లెకు ఎవరెవరి చేతులు మారి చేరెనో యెఱుగనివానికి పరిపాలన బోధపడదు. రేపు డిప్యూటీ కలెక్టరు కుర్చీ నధిష్ఠింపగోరువాడు అరయవలసిన దీ రెండవ సంగతియే.

ఇందుకు గైడు పుస్తకముకంటె శిల మేలు. కర్ణాటకములోని బ్రహ్మగిరి శాసనము, సువర్ణగిరినుండి ఆర్యపుత్రుడును మహామాత్రులును ఇసిలయందలి మహామాత్రుల యారోగ్యము నడిగి, పిదప అశోకుని యానతి నెఱిగించుటతో నారంభమగును. చక్రవర్తి, రాష్ట్రమేలు రాజకుమారుడు, స్థానికాధికారి అను మూడంతరువులును అందు కానవచ్చును. ఆ సువర్ణగిరి మన కర్నూలు జిల్లాలోని జొన్నగిరియే యని పలువురు పండితుల తలంపు. దానికి చేరువనున్న ఎఱ్ఱగుడి బండలయొద్ద నింకొక మెట్టు దిగవచ్చును: రాజుకుడను అధికారికి ఆజ్ఞ యీయవలెననియు, అతడు భేరి మ్రోగించి జానపదులకును రాష్ట్రికులకును దానిని తెలుపవలెననియు నచ్చట చెక్కబడియున్నది. (ఆ లేఖకుడు కొన్ని పంక్తుల నెడమనుండి కుడికిని, కొన్నిటిని కుడినుండి యెడమకును ఏల చెక్కెనో గాని, బ్రాహ్మీలిపి నేర్చినా మనుకొనువారి కదియే పరీక్ష.)

ఆధారములను మాత్రము కలగాపులగము చేయరాదు. గ్రీకు రాయబారి మెగస్తనీసు చెప్పిన ఆఱు సంఘములు, ముప్పదిమంది సభ్యులు పాటలీపుత్ర నగరమునకు సంబంధించిన మాట. దానిని సామ్రాజ్యమంతటికి నంటగట్టువాడు మార్కులు పోగొట్టుకొనును. 1905లో శామశాస్త్రిగారి కంటబడి 1909లో అచ్చైన అర్థశాస్త్రము సమాహర్త, సన్నిధాత మున్నగువారి విధులను విపులముగ వర్ణించును. అయిన నది రాజ్య మెట్లుండవలెనో చెప్పు గ్రంథముగాని, ఉన్నదున్నట్లు వ్రాసిన నివేదిక కాదు, దాని కాలమును గూర్చియు వివాదము కలదు. యుక్తులు, రాజుకులు, ప్రాదేశికులు అయిదేండ్ల కొకమారు పర్యటింపవలెనను అశోకుని మూడవ శిలాశాసనము మాత్రము ప్రభువు స్వయముగ నిచ్చిన యుత్తరువు. నిజముగ జరిగిన పని యేదన్నచో, క్రీ.శ. 150 నాటి రుద్రదాముని జునాగఢ్ శాసనము చూడుడు: చంద్రగుప్తుని యధికారి పుష్యగుప్తుడు సుదర్శన తటాకమును కట్టించెననియు, అశోకుని కాలమున యవనుడైన తుషాస్ఫుడు దానికి కాలువలు తీర్చెననియు నది చెప్పుచున్నది. ఇట్టి ఒక్క యుదాహరణము, నాలుగు పేరాల పొగడ్తకంటె సమాధానపత్రమున బరువు తూగును.

సివిల్స్ మెయిన్స్‌లో చరిత్రను ఐచ్ఛికముగ గైకొన్నవారికి మొదటి పత్రమున ఇరువది స్థలములను గుర్తించు పటము ప్రశ్నకే 50 మార్కులు. మౌర్య రాష్ట్రముల రాజధానులగు తక్షశిల, ఉజ్జయిని, తోసలి, సువర్ణగిరులను పటముమీద చేతితో గుర్తించుట యలవాటు కావలెను. ఉద్యోగము పరిపాలనలోనే దొరకవలెనను నియమమును లేదు. భారత పురావస్తుశాఖ శాసన విభాగము మైసూరులో నున్నది. సంస్కృత ప్రాకృతములును ప్రాచీన లిపులును శ్రద్ధతో నభ్యసించు ఎం.ఏ. విద్యార్థి యా దిక్కును గూడ చూడవచ్చును. అట్టివాడు సెలవులలో గుత్తిలో రైలు దిగి పత్తికొండ బాట పట్టినచో ముందుగ ఎఱ్ఱగుడియు, పిమ్మట జొన్నగిరి, అశోక శాసనమే గల రాజులమందగిరియు ఆ చుట్టుపట్లనే తగులును.