కొండదారిలో తోటిమనిషి



చోడవరం నుంచి మాడుగుల వైపు వెళ్తుంటే ఎదురుగా కొండలు అడ్డుగోడలా నిలబడి కనిపిస్తాయి. వాటి వెనుక పాడేరు. చాలా ఏళ్ళ క్రిందట ఆ కొండల్లో ఒక చిన్న పల్లెకు పూజ చెప్పడానికి ఉపదేశిగారితో కలిసి నడిచి వెళ్ళాను. సగం దారిలో ఆయన కాలు జారి చీలమండ బెణికింది. “మీరు పదండి ఫాదర్, నేను మెల్లగా వస్తాను” అన్నారు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు హాయిగా వినిపించింది. జనం పూజకు ఎదురుచూస్తున్నారు కదా! వెళ్ళిపోయాను. తిరిగి వస్తుంటే ఆయన అదే రాయి మీద కూర్చుని ఉన్నారు. కాలు బాగా వాచిపోయింది. ముఖంలో కోపం లేదు. “పూజ బాగా జరిగిందా ఫాదర్?” అని అడిగారు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో, ప్రేమంటే ఎదుటివారి మేలు కోరడమన్న పునీత తోమాసు అక్వినాసు బోధ గురించి రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ రోజు కూడా ఆయన మేలు కోరుకుంటూనే ముందుకు నడిచాను!

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరీయుని ఉపమానం మనకందరికీ తెలిసిందే. అది కూడా కొండదారే అన్న సంగతి గమనించారా? యెరూషలేము కొండ మీద ఉంది, యెరికో సముద్ర మట్టానికి దిగువన ఉంది. పాతిక కిలోమీటర్ల దారిలో దాదాపు 1000 మీటర్లు దిగాలి. ఆ దారిన వెళ్ళిన యాజకుణ్ణి, లేవీయుణ్ణి మనం దుర్మార్గులుగా చూస్తాం. బహుశా వారికీ వేళ మించిపోతూ ఉండవచ్చు.

1973లో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన ఒకటుంది. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో 40 మంది సెమినరీ విద్యార్థులను ప్రసంగం చేయమని పక్క భవనానికి పంపారు. కొందరి ప్రసంగాంశం ఈ సమరీయుని కథే. దారిలో ఒక మనిషి మూలుగుతూ ఒరిగిపోయి ఉండేలా ముందే ఏర్పాటు చేశారు. తీరిక ఉందని చెప్పినవారిలో నూటికి 63 మంది సాయపడ్డారు. ఆలస్యమైందని తొందరపెట్టినవారిలో నూటికి 10 మందే. సమరీయుని గురించి మాట్లాడబోతున్నందువల్ల పెద్ద తేడా ఏమీ రాలేదట. ఇది చదివినప్పుడు నాకు ఆ రాయి గుర్తుకు వచ్చింది.

మన యువతీ యువకులు ఇప్పుడు సరదాగా లంబసింగి వైపూ, అరకు వైపూ కొండలెక్కుతున్నారు. మంచిదే. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు ఉంచండి, వెనుక కాదు. అలసినవారి సంచిని నలుగురూ పంచుకోండి. దెబ్బ తగిలినవారు “మీరు వెళ్ళండి” అంటే నమ్మకండి, మొహమాటానికి అంటారు. ఒకరు దగ్గర ఉండి, ఇద్దరు సాయం కోసం వెళ్ళాలి. దిగేటప్పుడు మోకాళ్ళ మీద భారం ఎక్కువ పడుతుంది కనుక చీకటి పడకముందే బయలుదేరాలి. శిఖరం మరో ఆదివారం కూడా అక్కడే ఉంటుంది.

సమరీయుని గురించి ఇంకొక్క మాట. అతడు తన ప్రయాణం మానుకోలేదు. గాయపడినవాణ్ణి సత్రానికి చేర్చి, ఆ రాత్రి సేవచేసి, మరునాడు సత్రపువానికి డబ్బిచ్చి తన దారిన తాను వెళ్ళాడు. మన ఏజెన్సీలో డోలీ మోసేవారు చేసేది కూడా అదే. రోడ్డు లేని పల్లెలో ఎవరికి జబ్బు చేసినా, కాన్పు కష్టమైనా వెదురు బొంగుకు దుప్పటి కట్టి అందులో పడుకోబెడతారు. ఇద్దరు మోస్తుంటే మరో ఇద్దరు పక్కన నడుస్తారు, భుజం నొప్పెట్టగానే మారతారు. అనంతగిరి, జి.మాడుగుల మండలాల నుంచి అలాంటి వార్తలు వస్తూనే ఉన్నాయి. రోడ్డు దగ్గర 108 బండిలో ఎక్కించేదాకా వారి నడక రోగికి తగ్గట్టే సాగుతుంది. తరువాత ఖాళీ బొంగు భుజాన వేసుకుని, ఆ పూట కూలి పోయినా, మళ్ళీ కొండ ఎక్కుతారు.