తుది లెక్క: బ్రతికియుండగా చేయవలసిన పని



పెన్న యొడ్డున నున్న మన పామిడికి ఉత్తరమున గుత్తి యున్నది. మద్రాసు గవర్నరు పదవి చాలించుకొని స్వదేశమునకు మరలనున్న మన్రోదొర, దత్తమండలములను కడపటిమారు చూడవచ్చి, 1827వ సంవత్సరము జూలై 6వ తేదీని పత్తికొండలో విషూచిచే మరణించెను. ఆయన శరీరమును గుత్తికి తెచ్చి పాతిపెట్టిరి. ఈ సీమ భూములను పొలము పొలముగా కొలిపించి లెక్కలు వ్రాయించిన యధికారికే మృత్యువు గడువీయలేదు. ఇక మనబోటివారి మాట చెప్పనేల?

అనంతపురము సీమలో ఏటి సగటు వర్షము ఇంచుమించు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందుచేత నిచ్చటి రైతు వేరుసెనగ విత్తుటకు ముందే, వాన తప్పినచో నేమి చేయవలయునని తలపోయును. పామిడి బట్టల బజారులోని వర్తకుడు కొట్టు మూయుటకు ముందు నాటి చిట్టా సరిచూచుకొనును. వచ్చునో రాదో తెలియని కరవునకు జాగ్రత్తపడువారు, దినదినమును లెక్క ముగించువారు, తప్పక వచ్చు మరణమునకు మాత్రము ఏ లెక్కయు సిద్ధము చేయరు. ఇది తెలియక జరుగుచున్నది కాదు, భయముచే జరుగుచున్నది.

వీలునామా వ్రాసినచో నాయుస్సు తీరునని తండ్రి వెరచును. వ్రాయుమనుట యపశకునమని కొడుకులు జంకుదురు. అడిగినచో ఆస్తికై కాచుకొనియున్నదందురని భార్య యూరకుండును. మూఢవిశ్వాసములను ఖండించుచు ఉపన్యసించు మేమును మా వీలునామాను చాలకాలము రేపు రేపని త్రోసివైచితిమని సిగ్గుతో నొప్పుకొనుచున్నాము.

ఈ భయమునకు సమాధానముగా కందుకూరి వీరేశలింగము పంతులుగారి చరిత్రమును చూడుడు. ఆయన 1906లో రాజమహేంద్రవరమున హితకారిణీ సమాజమును స్థాపించి, తమ ఆస్తిని దానికి ధర్మముగా నిచ్చివేసిరి. వారికి సంతానము లేదు. తాము పెంచిన వితంతు శరణాలయమును, పాఠశాలయు తమతో నంతరింపకుండుటకు తగిన యేర్పాటును బ్రతికియుండగనే చేసిరి. అట్లు చేసినందున వారి ఆయుస్సు తరిగినదా? తరువాత పండ్రెండేండ్లకు పైగా జీవించి 1919లో కాలధర్మము నొందిరి. కాగితము ప్రాణము తీయదు. కాగితము లేమియే వెనుకనుండువారి ప్రాణము తీయుచున్నది.

అది యెట్లో వినుడు. ఒక రైతు చనిపోవును. అతని పాసుపుస్తకము తాతగారి పేరనే యుండును. ఎవరెవరికి బాకీయో అతని మనస్సులోనే యుండెను. మనస్సుతో నదియు పోయినది. దినములు తీరకమునుపే అప్పులవారు వత్తురు. అందు నిజమైనవారు నలుగురైనచో కల్పించుకొని వచ్చువా రిద్దరు. పెద్దమనుష్యుల యెదుట భార్యచే కొత్త నోటుపై వేలిముద్ర వేయింతురు. మిషను కుట్టి, నైటీలు కుట్టి కూడబెట్టిన యామె సొమ్ముగూడ ఆ నోటు క్రిందికి పోవును. ఆమె చేసిన యపరాధమేమి? భర్త చెప్పలేదు, ఆమె యడుగలేదు. ఇంతియే.

కావున మొట్టమొదట తెలిసికొనవలసినది అప్పుల సంగతి. చనిపోయినవాని యప్పు అతడు విడిచిన ఆస్తి మేరకే వారసులను అంటును. వారు స్వయముగా వ్రాలుచేసి తలకెత్తుకొన్ననే తప్ప వారి సొంత సొత్తు దానికి లోబడదు. తండ్రి ఋణము తీర్చుట పుత్రధర్మమను పూర్వన్యాయము ననుసరించి మాత్రమే కొడుకుపై దావా వేయుట, 2005 సెప్టెంబరు 9వ తేదీ తరువాత చేసిన యప్పులకు చెల్లదు. దుఃఖములోనున్న స్త్రీ యెవరు చెప్పినను నాడే వ్రాలు చేయరాదు. మనకు రావలసిన బాకీలను గూడ వ్రాసియుంచవలయును. కోరినప్పుడు చెల్లింతునను ప్రామిసరీ నోటుకు, నడుమ చెల్లుగాని ఒప్పుదలగాని లేనిచో, వ్రాసిన నాటినుండి 3 సంవత్సరములే గడువు. పెట్టె యడుగున నెవ్వరికిని తెలియక పడియున్న నోటు గడువు తీరి వట్టి కాగితమగును.

రెండవది వీలునామా. దీనికి స్టాంపు కాగిత మక్కరలేదు, తెల్లకాగితము చాలును. వ్రాసినవాడు వ్రాలు చేయవలయును. కనీస మిద్దరు సాక్షులు దానిని చూచి, అతని యెదుట తామును వ్రాలు చేయవలయును. ఆస్తి పొందువారిని సాక్షులుగా నిలుపకుండుట మేలు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయినను తగవులకు తావు తగ్గును గనుక చేయించుట మంచిది. బ్రతికియున్నంతకాలము దానిని మార్చవచ్చును, రద్దు చేయవచ్చును.

ఇచ్చట నొక హెచ్చరిక. వీలునామా వేరు, దానపత్రము వేరు. బిడ్డలు చూతురను నమ్మకముతో ఇల్లు వాకిలి దానపత్రముగా వ్రాసియిచ్చి, పిదప వీధిని పడిన వృద్ధులు కలరు. రిజిస్టరైన దానమును మనసు మారినంతమాత్రమున మరల తీసికొనుటకు వీలులేదు. 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టము కొంత రక్షణ మిచ్చుచున్నది. కాని తమ్ము పోషింపవలయునను షరతుపై నిచ్చినట్లు చూపవలసియుండును. దానమే చేయదలచువారు ఆ షరతును పత్రములో స్పష్టముగా వ్రాయింపవలయును.

మూడవది కూతుండ్ర భాగము. పసుపుకుంకుమ క్రింద ఇచ్చితిమి గదా, ఇక నేమున్నదని యనువారు చట్టము నెరుగరు. ఆంధ్రప్రదేశమున పెండ్లికాని కూతుండ్రకు పిత్రార్జితములో కొడుకులతో సమానమైన హక్కు 1985లోనే వచ్చెను. 2005లో దేశమంతట కూతుండ్రందరికి నది కలిగెను. ఆ చట్టము వచ్చునాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదని 2020లో సుప్రీముకోర్టు తేల్చెను. తండ్రి తన స్వార్జితమును, పిత్రార్జితములో తన భాగమును మాత్రమే వీలునామాలో వ్రాయగలడు. కూతురి భాగమును కొడుకునకు వ్రాయజాలడు. ఏమియు వ్రాయకయే హిందువు చనిపోయినచో భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుండ్రకు ఒక్కొక్కరికి నొక్కొక్క సమభాగము వచ్చును. ఈ సంగతి యెరిగి ముందుగనే పంచినవాని యింట అన్నాచెల్లెండ్రు పండుగకు కలిసికొందురు. ఎరుగనివాని యింట కోర్టులో కలిసికొందురు.

నాలుగవది బ్యాంకు లెక్క. నామినీ సొమ్ము పుచ్చుకొనుటకు నియమింపబడినవాడు. అంతమాత్రమున దానికి యజమాని కాడు. 2025 నవంబరు నుండి ఒక ఖాతాకు నలుగురు నామినీలవరకు వ్రాయవచ్చును. పదియేండ్లు కదలని డిపాజిట్లు రిజర్వుబ్యాంకు నిధికి చేరును. వారసులు అటుపిమ్మటను అడిగి తీసికొనవచ్చును, కాని అట్టి ఖాతా యున్నదని తెలిసియుండవలయును గదా!

అయిదవది దేహమును గూర్చినది. కోలుకొను నాశ లేనప్పుడు యంత్రములపై ప్రాణము నిలుపవలదని ముందుగా వ్రాసియుంచుటకు 2018 మార్చిలో సుప్రీముకోర్టు అనుమతించెను. 2023లో ఆ పద్ధతి సులభమాయెను. ఇద్దరు సాక్షులును, నోటరీ గాని గెజిటెడు అధికారి గాని చాలుదురు. ఈ కోరిక తెలియనందున, ఆసుపత్రి గుమ్మమున నిలిచి పొలమమ్ముకొను బిడ్డల బాధను మేము చూచుచున్నాము. తండ్రి మనసు తెలిసియున్నచో వారికి నిర్ణయము సులభము కాకపోవచ్చును గాని, తాము చేసినది తప్పను బాధ యుండదు.

ఇదంతయు చేయుటకు వేయి రూపాయలక్కరలేదు. ఒక సాయంకాలము చాలును. ఒక పుస్తకము తెచ్చి, భూములు, బాకీలు, చీటీలు, ఖాతాలు, పత్రములుండు చోటు, వరుసగా వ్రాయుడు. పాసుపుస్తకము తాతపేర నున్నచో ఈ యేడే మార్పించుడు. పిదప ఆ పుస్తకమును పెట్టెలో దాచక, భార్యను, కొడుకులను, కూతుండ్రను కూర్చుండబెట్టి చదివి వినిపింపుడు. చదువునప్పుడు, దాచియుంచిన యొక యప్పు మాట చెప్పుటకు నోరు రాకపోవచ్చును. ఆ మాటయే ముందుగా చెప్పుడు. మీరు చెప్పినచో ఆమె మీతో కలహించును. మీరు చెప్పకున్నచో ఒకనాడు పరుల నోట విని, మిమ్మడుగుటకు మీరులేక, ఒంటరిగా నేడ్చును.