చిన్నపిల్లల్లో మైగ్రేన్: ఆ మొదటి అరగంట



"పరీక్ష ఉన్న రోజే మావాడికి తలనొప్పి వస్తుందేంటండీ?" పేరెంట్స్ మీటింగుల్లో ఈ ప్రశ్న తరచూ వినిపిస్తుంది. అందులో సగం బాధ, సగం అనుమానం. ముందు అనుమానం సంగతే చూద్దాం. పరీక్ష ముందురోజు పిల్లవాడు రాత్రి 11 దాకా మేలుకుంటాడు. పొద్దున్న కంగారులో ఇడ్లీ సగం వదిలేసి బస్సెక్కుతాడు. నీళ్ల సీసా మూత కూడా తీయడు. నిద్ర చాలకపోవడం, ఖాళీ కడుపు, నీళ్లు తాగకపోవడం, ఆందోళన... మైగ్రేన్‌ను రేపుతాయని డాక్టర్లు చెప్పేవన్నీ ఆ ఒక్క ఉదయమే కలిసివస్తాయి. కాబట్టి పరీక్ష రోజే నొప్పి రావడం నాటకానికి రుజువు కాదు. మైగ్రేన్ వచ్చే తీరే అంత.

మనం దీన్ని పార్శ్వపు నొప్పి అంటాం, తలలో ఒకవైపే వస్తుందని. పెద్దవాళ్లకు ఆ పేరు చాలావరకు సరిపోతుంది. పిల్లల దగ్గర మాత్రం పొరపాటు పడేలా చేస్తుంది. వాళ్లకు చాలాసార్లు నొప్పి నుదురంతా గానీ, రెండు కణతల్లో గానీ ఉంటుంది. పైగా రెండు మూడు గంటల్లోనే తగ్గిపోవచ్చు. ఒక కునుకు తీసి లేచి, ఏమీ జరగనట్టు ఆటకు పరుగెత్తుతారు. "ఇందాక ఏడ్చింది, ఇప్పుడు గెంతుతోంది, అన్నీ వేషాలు" అని మనకు అనిపించేది సరిగ్గా అప్పుడే. నిద్రపోతే తేరుకోవడం పిల్లల మైగ్రేన్‌లో మామూలే.

ఐదారేళ్ల పిల్లలు "వెలుతురు భరించలేకపోతున్నాను" అని చెప్పలేరు. దుప్పటి ముసుగు పెట్టుకుంటారు. తమ్ముడు అరిస్తే విసుక్కుంటారు. ఇష్టమైన కార్టూన్ కూడా ఆపేయమంటారు. ముఖం పాలిపోతుంది, ఆపైన వాంతి. కొందరు చిన్నపిల్లలకు తల కంటే బొడ్డు చుట్టూ నొప్పి ఎక్కువగా వస్తుంది. దీన్ని అబ్డామినల్ మైగ్రేన్ అంటారు. ఇళ్లలో ఇది అజీర్తిగానో, నులిపురుగులుగానో, దిష్టిగానో చలామణీ అయిపోతుంది. మీ పాప మాటల్లో చెప్పలేకపోతే కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి "నొప్పి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో బొమ్మ గీయి" అనండి. తలమీద సుత్తి, మూసిన కిటికీ, పక్కన బకెట్... పిల్లలు ఇలాంటివి గీస్తారు. ఆ కాగితాన్ని డాక్టరుకు చూపించండి, పనికొస్తుంది. ఇంట్లో అమ్మకో నాన్నకో అమ్మమ్మకో ఇలాంటి తలనొప్పి ఉందేమో కూడా చెప్పండి. "ఎండలో తిరిగితే నాకూ ఇంతే" అని ఏళ్లుగా సర్దుకుపోతున్న తల్లులు చాలామంది.

తలనొప్పి అనగానే మనలో ఎక్కువమంది ముందు కళ్ల డాక్టరు దగ్గరికి వెళతాం. చూపు పరీక్ష చేయించడం మంచిదే. అయితే మళ్లీ మళ్లీ వాంతులతో వచ్చే తలనొప్పికి చూపు లోపం కారణం కావడం అరుదు. కళ్లద్దాలు పెట్టించాం కదా అని అక్కడితో ఆగిపోకండి, పిల్లల డాక్టరును కలవండి.

ఇప్పుడు అసలు విషయం. మైగ్రేన్‌కు మందు నొప్పి మొదలైన తొలి అరగంటలో పడితే బాగా పనిచేస్తుంది. ఆలస్యమైన కొద్దీ పట్టు తగ్గుతుంది, వాంతులు మొదలయ్యాక మింగినది కడుపులో నిలవదు. బడిలో జరిగేదేమిటో ఆలోచించండి. రెండో పీరియడ్‌లో నొప్పి మొదలవుతుంది. చెబితే తిడతారేమోనని పిల్లవాడు ఒక పీరియడ్ ఓర్చుకుంటాడు. చెప్పాక "లంచ్ దాకా చూద్దాం" అంటారు. తర్వాత మీకు ఫోన్ వస్తుంది, మీరు ఆఫీసులో ఉంటారు. అరగంట కాస్తా రెండున్నర గంటలవుతుంది.

దీనికి విరుగుడు ఒక్క కాగితం. మీ డాక్టరు చేత రాయించుకోండి: పిల్లల పేరు, బరువు, మందు పేరు, మోతాదు, ఏ లక్షణం కనిపిస్తే ఇవ్వాలి, తగ్గకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. దాన్ని, అసలు ప్యాకింగ్‌లోనే ఉన్న మందునూ క్లాస్ టీచర్‌కు స్వయంగా అందించండి. పిల్లల బ్యాగులో వేసి పంపవద్దు. "నొప్పి మొదలవగానే చెప్పు, ఎవరూ తిట్టరు" అన్న మాట పిల్లవాడు మీ నోటినుంచి, టీచర్ నోటినుంచి కూడా వినాలి.

సాధారణంగా డాక్టర్లు ముందు రాసేవి పారాసెటమాల్, ఐబుప్రొఫెన్. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. పెద్దల మాత్రను విరిచి సగం ఇవ్వకండి. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. జ్వరం కూడా ఉంటే, ముఖ్యంగా వానాకాలం డెంగీ రోజుల్లో, డాక్టరును అడగకుండా ఐబుప్రొఫెన్ ఇవ్వవద్దు. వారంలో రెండు మూడు రోజులకు మించి నొప్పి మాత్ర అవసరమవుతోందంటే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే, ఎందుకంటే మాత్రలు అతిగా వాడినా తలనొప్పి వస్తుంది. మందు ఇచ్చాక చీకటి గది, చల్లటి తడిగుడ్డ, నిశ్శబ్దం. బామ్ రాసేముందు మాత్రం అడగండి. మైగ్రేన్ సమయంలో ఘాటు వాసన కొందరికి సరిపడదు, పూజగదిలో అగరుబత్తి కూడా.

తలనొప్పి రాకుండా రోజూ వేసుకోదగిన మందులు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. అయితే 8 నుంచి 17 ఏళ్ల వారిపై అమెరికాలో చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. ఎమిట్రిప్టిలిన్, టోపిరమేట్ అనే రెండు మందులనూ ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశారు. మూడు గుంపుల్లోనూ సగం మందికి పైగా పిల్లలకు తలనొప్పి రోజులు సగానికో అంతకన్నా తక్కువకో తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర కంటే మందులు మెరుగని తేలలేదు. ఇది చదివి డాక్టరు రాసిన మందు మీ అంతట మీరు ఆపేయకండి. రోజూ మందుకు తొందరపడేముందు దినచర్య సరిచేసుకోవడానికి సమయం ఉందని మాత్రం గుర్తుంచుకోండి.

దినచర్యలో మొదటిది నిద్ర. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు కావాలి. 6:45 బస్సు అందుకోవాలంటే రాత్రి 9కే పడుకోవాలి. సీరియల్ నడుస్తున్న హాల్లో అది కుదరదని మాకూ తెలుసు, అయినా అడుగుతున్నాం. ఆదివారం కూడా అదే వేళ పాటించండి, సోమవారం తలనొప్పులు కొన్నయినా తగ్గుతాయి. టిఫిన్ తినలేకపోతే అరటిపండు, గ్లాసు పాలైనా కడుపులో పడాలి. ఒంటిపూట బడుల రోజుల్లో ఇంకా జాగ్రత్త: పెందలాడే టిఫిన్, మిట్టమధ్యాహ్నం ఎండలో తిరుగు ప్రయాణం, భోజనం ఆలస్యం. టోపీ, నీళ్లు, బస్సు దిగేలోపు తినడానికి రెండు బిస్కెట్లు పెట్టండి.

నొప్పితో ఇంట్లో ఉన్న రోజు టీవీ, ఫోన్ వద్దు. శిక్షగా కాదు, విశ్రాంతిగా. మధ్యాహ్నానికి తేరుకుంటే మిగతా పీరియడ్లకు పంపండి.

కొన్ని సందర్భాల్లో ఎదురుచూడకూడదు. నొప్పి నిద్రలోంచి లేపేస్తున్నా, రోజూ తెల్లవారుజామున వాంతులవుతున్నా, దగ్గినప్పుడు పెరుగుతున్నా, నడక తూలుతున్నా, చూపు రెండుగా కనిపిస్తున్నా, వారం వారం ముదురుతున్నా వెంటనే డాక్టరుకు చూపించాలి. ఫిట్స్ వచ్చినా, జ్వరంతో మెడ బిగిసినా, తలకు దెబ్బ తగిలాక నొప్పి మొదలైనా నేరుగా ఆసుపత్రికే. ఆరేళ్లలోపు పిల్లలకు తలనొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే ఈ లక్షణాలేవీ లేకపోయినా ఒకసారి చూపించండి.

ఈ నెల నుంచి స్కూల్ డైరీ చివరి పేజీల్లో తేదీ, నొప్పి మొదలైన వేళ, ముందురాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, పొద్దున్న ఏం తిన్నారు, మందు ఎప్పుడు పడింది, ఎప్పుడు తగ్గింది రాస్తూ రండి. బడిలో వస్తే ఆ వరుస క్లాస్ టీచర్ నింపుతారు. రెండు నెలలయ్యాక డాక్టరు దగ్గరికి ఆ డైరీ పట్టుకెళ్లండి.