ఫిజీలో చెరకు, కౌలు, ఓటు

"కెమిస్ట్రీ చదివేవాడివి, పసిఫిక్ సముద్రంలోని దీవుల రాజకీయం నీకెందుకోయ్?" అని సంచిక పని చూస్తున్న మిత్రుడొకడు అడిగాడు. నిజమే, రాజకీయశాస్త్రం నాకు రాదు. కాని చెరకు వచ్చు. మాది అనకాపల్లి వైపు ఒక పల్లె. నాన్న కౌలురైతు. ఫిజీ సంగతి చదివేకొద్దీ నాకది ఎక్కడో దీవుల గొడవలా కాక మా ఊరి గట్టు తగాదాలా కనిపించసాగింది.

1874లో ఫిజీ బ్రిటిష్‌వారి చేతికి పోయింది. 1875లో గవర్నరుగా వచ్చిన ఆర్థర్ గోర్డన్ అక్కడి మూలవాసుల భూమి పరాయివాళ్లకు అమ్మరాదన్నాడు. వాళ్లను ఊళ్లు వదిలించి తోటపనికి తోలరాదని కూడా అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది. మరి తోటల్లో చాకిరీ ఎవరు చెయ్యాలి? ఇండియా ఉంది కదా! 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ మొదటి కూలీలతో ఫిజీ చేరింది. 1916 వరకు అలా వెళ్లినవారు సుమారు 60 వేలు. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఓడ ఎక్కించారు. ఆ దారిన పోయిన దాదాపు 15 వేల మందిలో విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువాళ్లున్నారు. అయిదేళ్ల ఒప్పందం మీద వెళ్లారు. అగ్రిమెంటు అన్న మాట వాళ్ల నోళ్లలో పడి 'గిర్మిట్' అయింది. (అక్కడ తెలుగు, తమిళం, మలయాళం అందరూ కలిపి 'మద్రాసీ'లే. మన ఉత్తరాది మిత్రులు మనల్ని పిలిచినట్టే!)

1920తో ఆ ఒప్పందాలు రద్దయ్యాయి. చాలామంది తిరిగి రాలేదు. చక్కెర మిల్లులు నడిపే ఆస్ట్రేలియా కంపెనీ తన పెద్ద తోటలను పదేసి ఎకరాల ముక్కలు చేసి వీళ్లకు కౌలుకిచ్చింది. మిగతావాళ్లు మూలవాసుల భూములు కౌలుకు పట్టారు. దేశంలో నూటికి ఎనభై వంతులకు పైగా భూమి మూలవాసుల 'మతంగలి' అనే వంశాలది. ఏ ఒక్కడిదీ కాదు, అందరిదీ. ఆ భూమిని కౌలుకివ్వడానికి 1940లో ప్రభుత్వం ఒక బోర్డు పెట్టింది. అంటే పండించేవాడు ఒక జాతి, భూమి గలవాడు ఇంకొక జాతి. మధ్యలో బోర్డు, పైన మిల్లు.

ఇక్కడ చెరకు గురించి ఒక మాట చెప్పాలి. చెరకు ఒక్క ఏటి పంట కాదు. మొదటి సంవత్సరం మొక్క తోటకు దుక్కి, విత్తనపు ముచ్చెలు, కూలీలు అంటూ ఖర్చంతా పడుతుంది. లాభం కనిపించేది కొట్టాక మళ్లీ వచ్చే కార్శి తోటలోనే. నేను ఇంటర్ చదివేటప్పుడు నాన్న మొక్క తోట వేశాడు. కొట్టిన నెలకే భూమిగల ఆసామి పొలం విడిచిపెట్టమన్నాడు. కార్శి ఆయన అనుభవించాడు. మాకు అప్పు మిగిలింది. అందుచేత ఫిజీ రైతు ఎందుకు పొడుగు కౌలు కోసం పోట్లాడాడో నాకెవరూ పాఠం చెప్పనక్కరలేదు. 1976 చట్టం కనీసం 30 ఏళ్ల కౌలు ఇచ్చింది. భూమి విలువలో నూటికి ఆరుకు మించి శిస్తు అడగరాదంది.

నేను ఇదంతా ఉద్రేకంగా చెబుతుంటే హాస్టల్లో నా గదిలో ఉండే మిత్రుడు నిమ్మళంగా విన్నాడు. అతడిది పాడేరు ఏజెన్సీ, గిరిజనుడు. "నువ్వు మీ నాన్న గట్టు మీద నిలబడి చూస్తున్నావురా. మా నాన్న గట్టెక్కి చూడు. మైదానం నుంచి వచ్చినవాళ్లు కౌలన్నారు, అప్పన్నారు. చివరికి పొలమే లేకుండా పోయింది మా వాళ్లకి. 1970 చట్టం లేకపోతే ఆ మిగిలింది కూడా ఉండేది కాదు" అన్నాడు. నాకు జవాబు తట్టలేదు. తర్వాత మళ్లీ పుస్తకం తెరిస్తే అంతకుముందు నేను దాటేసిన సంగతులు కంటికి ఆనాయి. ఆ నూటికి ఆరు శిస్తు భూమిగలవాళ్లకు చాలా తక్కువనిపించింది. వచ్చినదాంట్లో బోర్డు ఖర్చు పోగా పెద్ద వాటా వంశ నాయకులకు పోయేది. 2011 నుంచి గాని అందరికీ సమానంగా పంచలేదు. భూమి తనదై ఉండి చేతిలో కానీ లేని మూలవాసి, రెక్కల కష్టం తనదై ఉండి భూమి లేని భారతీయుడు, ఒకరినొకరు దొంగ అనుకున్నారు.

అనుకునేట్టు చేసింది ఓటు పద్ధతి కూడా. 1929లోనే భారతీయ సభ్యులు అందరికీ ఒకే ఓటరు జాబితా కావాలని అడిగి, ఇవ్వకపోతే సభ వదిలి వెళ్లారు. 1970లో స్వాతంత్ర్యం వచ్చినా 52 స్థానాల్లో 22 మూలవాసులకు, 22 భారతీయులకు, 8 తక్కినవాళ్లకు అని పంచారు. జాతి పేరు చెబితేనే ఓటు వచ్చే చోట కౌలు సంగతి, మిల్లు సంగతి ఎవడు మాట్లాడతాడు?

మాట్లాడినవాళ్లు లేకపోలేదు. 1987 ఏప్రిల్‌లో లేబర్ పార్టీ, భారతీయుల మద్దతున్న నేషనల్ ఫెడరేషన్ పార్టీ కలిసి 28 స్థానాలు గెలిచాయి. ప్రధాని డాక్టర్ తిమోతి బవద్ర మూలవాసే. అయినా "ఇది భారతీయుల ప్రభుత్వం" అన్న ప్రచారం లేచింది. నెల తిరిగీ తిరగకుండా మే 14న, అంటే మొదటి ఓడ చేరిన రోజునే, కల్నల్ సితివేని రబుకా సైనికులతో పార్లమెంటులోకి నడిచి ప్రభుత్వాన్ని కూల్చాడు. 1990 రాజ్యాంగం ప్రధాని పదవిని మూలవాసులకే పరిమితం చేసింది. దాన్ని 1997లో సవరించుకున్నాక 1999లో మహేంద్ర చౌదరి ప్రధాని అయ్యాడు. భారతీయ సంతతిలో ఆయనే మొదటివాడు. ఏడాది తిరిగేసరికి, 2000 మే 19న, జార్జ్ స్పైట్ ఆయన్ని పార్లమెంటులోనే 56 రోజులు బందీగా పెట్టాడు. సరిగ్గా ఆ కాలంలోనే 1976 చట్టం కింది కౌళ్ల గడువు ఒక్కొక్కటే తీరుతోంది. చాలావాటిని మళ్లీ రాయలేదు. తాతల నాటి ఇళ్లు వదిలి జనం పట్నం పొలిమేరల గుడిసెలకు పోయారు. వీలున్నవాళ్లు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా చేరారు. 1986లో జనాభాలో నూటికి 48 పైచిలుకు ఉన్న భారతీయులు 2007కి 37కి దిగారు.

తర్వాతి కథ విచిత్రంగా ఉంది. 2006లో బైనిమరామా సైన్యంతో వచ్చి, 2013 రాజ్యాంగంలో జాతుల వారీ స్థానాలు తీసేశాడు. పౌరులందరూ 'ఫిజియన్లే' అన్నాడు. తుపాకీతో వచ్చినవాడు సమానత్వం ఇవ్వడం నాకు మింగుడుపడలేదు గాని, ఇచ్చింది మాత్రం నిజం. 2022 డిసెంబరులో ఆ పద్ధతి కింద జరిగిన ఎన్నికల తర్వాత ప్రధాని అయినవాడు ఎవరనుకున్నారు? ఆ రబుకాయే! అదీ 1987లో తాను దించిన నేషనల్ ఫెడరేషన్ పార్టీని కలుపుకొని. 2023 మేలో తన పాత పనికి బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు.

సంక్రాంతి సెలవుల్లో ఇదంతా నాన్నకు చెప్పాను. కుట్రలు, కల్నల్ సంగతి ఆయన పెద్దగా పట్టించుకోలేదు. బెల్లం పెనం దగ్గర పొయ్యిలోకి చెరకు పిప్పి తోస్తూ, "ఏట్రా, ముప్పై ఏళ్లకి కౌలు కాయితం రాసిచ్చీసినారా?" అన్నాడు. అవునన్నాను. "మనూళ్లో ఒక్క ఏటికి రాయమంటే రాయరు. ఆ భూమిగలోళ్లకి బెంగ నేదా మరి?" అని అడిగాడు. ఉందన్నాను. మా గదిలోని మిత్రుడి మాట చెప్పాను. నాన్న కాసేపు పొయ్యికేసే చూసి, "ఆ కుర్రోణ్ణి ఓపాలి మనింటికి తీసుకురా" అన్నాడు.